పెద్ద జంతువుల వేటకు క్యాలిబర్, బుల్లెట్ ఎలా ఎంచుకోవాలి

చాలామంది ముందు క్యాలిబర్ (బుల్లెట్ వ్యాసం) తేల్చుకుని, ఆ తర్వాత దొరికిన తూటాల పెట్టె కొనుక్కుంటారు. ఈ వరసను తిరగేయండి. జంతువు ఏది, ఎంత దూరం నుంచి కాలుస్తారు, ఏ కోణంలో నిలబడి ఉంటుంది అన్నవి ముందు తేలాలి. దానికి తగిన బుల్లెట్ తర్వాత, ఆ బుల్లెట్‌ను కావలసిన వేగంతో పంపే కార్ట్రిడ్జ్ ఆ తర్వాత. కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బను మీ భుజం ఓర్చుకుంటుందా అన్నది చివరి ప్రశ్న. జంతువు ప్రాణం పోయేది బుల్లెట్ దాని ఛాతీలో చేసిన దారి వల్ల. ఆ దారి రెండు ఊపిరితిత్తుల గుండా పోతే ఎంత పెద్ద జంతువైనా కాసేపట్లో కూలిపోతుంది. ఒక్క దానికే తగిలి ఆగిపోతే గాయంతో గంటల తరబడి తిరుగుతుంది. వేటలో అంతకంటే ఘోరం లేదు. కింద చెప్పేదంతా దాన్ని తప్పించడానికే.

మొదలుపెట్టే ముందు ఒక తికమక తీర్చుకుందాం. బుల్లెట్ అంటే ఎగిరి వెళ్లి తగిలే లోహపు ముక్క ఒక్కటే. ఇత్తడి గొట్టం, ప్రైమర్ (మందును అంటించేది), మందు, బుల్లెట్ అన్నీ కలిస్తే కార్ట్రిడ్జ్, అంటే తూటా. .308 వించెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, .300 వించెస్టర్ మాగ్నమ్ మూడింటిలోనూ ఉండేది 0.308 అంగుళాల వ్యాసమున్న బుల్లెట్టే. అదే 180 గ్రెయిన్ల (పౌండుకు 7000 గ్రెయిన్లు) బుల్లెట్‌ను మొదటిది సెకనుకు సుమారు 2620 అడుగులు, రెండోది 2700, మూడోది 2960 అడుగుల వేగంతో పంపుతుంది. క్యాలిబర్ ఒకటే అయినా పని ఒకటి కాదు.

1. చట్టం చూడండి, ఆ తర్వాత జంతువును చూడండి

వేట అనుమతి, సీజన్, లైసెన్స్ మాత్రమే కాదు, తూటాకు కూడా చట్టంలో కనీస కొలతలుంటాయి. స్వీడన్‌లో మూస్ (దుప్పి జాతిలో అన్నిటికంటే పెద్దది) లాంటి పెద్ద జంతువులకు వాడే మొదటి తరగతి తూటాలో బుల్లెట్ కనీసం 9 గ్రాములుండి, 100 మీటర్ల దగ్గర 2700 జౌల్స్ శక్తి మిగలాలి. 10 గ్రాములు, ఆపైన బరువుంటే 2000 జౌల్స్ చాలు. అమెరికాలోని కొలరాడోలో ఎల్క్ (పెద్ద దుప్పి జాతి జంతువు), మూస్‌లకు కనీసం .24 క్యాలిబర్, 85 గ్రెయిన్ల బుల్లెట్, 100 గజాల దగ్గర 1000 అడుగు-పౌండ్ల శక్తి కావాలి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ జంతువు వేటకైనా సీసం తూటాలు నిషేధం. ఆఫ్రికాలో అడవిదున్న, ఏనుగు లాంటి ప్రమాదకర జంతువులకు .375 కంటే చిన్న క్యాలిబర్‌ను చాలా దేశాలు ఒప్పుకోవు. మీరు వెళ్లే చోట నియమం సీసాన్ని కాదంటే బుల్లెట్ ఎంపికలో సగం అక్కడే తేలిపోయినట్టు.

తూటా శక్తిని మీరే లెక్కేసుకోవచ్చు. బుల్లెట్ బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకోండి. బరువును వేగంతో రెండుసార్లు గుణించి 450240తో భాగిస్తే అడుగు-పౌండ్లు వస్తాయి. 180 గ్రెయిన్లు, 2700 వేగం అయితే సుమారు 2914. దాన్ని 1.356తో గుణిస్తే జౌల్స్, అంటే 3950 చిల్లర. ఈ అంకె చట్టం దాటడానికి పనికొస్తుంది. అంతకుమించి దాన్ని నమ్ముకోవద్దు. ఒకే శక్తి ఉన్న రెండు తూటాల్లో ఒకటి జబ్బ ఎముక దాటి అవతలి చర్మం దాకా పోతే, ఇంకోటి నాలుగంగుళాల్లో ముక్కలైపోవచ్చు.

జంతువును చూసేటప్పుడు దాని మొత్తం బరువు కంటే చర్మం నుంచి ప్రాణస్థానం దాకా ఏముందో లెక్కలోకి తీసుకోండి. దుప్పి పక్కకు తిరిగి ఉంటే బుల్లెట్ దాటాల్సింది పల్చటి పక్కటెముకలు మాత్రమే. ముదురు మగ అడవిపందికి జబ్బల మీద గట్టి మృదులాస్థి లాంటి కవచం ఉంటుంది. మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది, మూస్ 400 నుంచి 600 దాకా తూగుతుంది. వాటి జబ్బ ఎముక, దాని చుట్టూ ఉన్న కండ కలిసి మెత్తటి బుల్లెట్‌ను అక్కడే ఆపేయగలవు. ఆఫ్రికా అడవిదున్న పక్కటెముకలు వెడల్పుగా ఉండి ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. దాన్ని వేరే లెక్కలోనే చూడాలి.

2. దూరాన్ని నిజాయితీగా రాసుకోండి

బుల్లెట్ తుపాకీ గొట్టం దాటేటప్పటి వేగం కంటే జంతువుకు తగిలేటప్పటి వేగం ముఖ్యం. విచ్చుకునే ప్రతి బుల్లెట్‌కూ ఒక కనీస వేగం ఉంటుంది. అంతకంటే తగ్గితే ముందు భాగం తెరుచుకోదు, సన్నటి రంధ్రం చేసుకుని అవతలికి పోతుంది. ఈ అంకెను చాలామంది తయారీదారులు తమ వివరాల్లో ఇస్తారు. సీసపు బుల్లెట్లలో ఎక్కువ వాటికి అది 1800 అడుగుల చుట్టుపక్కల ఉంటుంది. రాగి బుల్లెట్లకు 2000 అనుకుని లెక్క వేసుకుంటే ధీమాగా ఉండొచ్చు. దూరపు షాట్ల కోసం చేసిన పల్చటి తొడుగు బుల్లెట్లు 1600 దగ్గర కూడా తెరుచుకుంటాయి.

ఒక ఉదాహరణ. .30-06లో 165 గ్రెయిన్ల మొనదేలిన రాగి బుల్లెట్ 2800 అడుగులతో బయల్దేరితే 200 గజాల దగ్గర 2400, 400 గజాల దగ్గర 2000 దరిదాపుల్లో ఉంటుంది. అంటే గురి ఎంత బాగా కుదిరినా ఆ తూటాకు 400 గజాలు హద్దు. పైగా పెట్టె మీది వేగం మామూలుగా 24 అంగుళాల బ్యారెల్‌తో కొలిచినది. మీది 20 అంగుళాలైతే అంగుళానికి పాతికో ముప్ఫయ్యో చొప్పున వంద అడుగులు తీసేయండి, హద్దు యాభై గజాలు తగ్గుతుంది. క్రోనోగ్రాఫ్ దొరికితే మీ రైఫిల్ వేగాన్ని మీరే కొలవండి. ఎన్ని పట్టికలు చూసినా ఆ ఒక్క కొలత చేసినంత మేలు జరగదు.

దగ్గరి దూరం కూడా అంతే ముఖ్యం, దీన్ని చాలామంది మరిచిపోతారు. దట్టమైన అడవిలో 30 గజాల్లో .300 మాగ్నమ్ నుంచి 150 గ్రెయిన్ల మామూలు బుల్లెట్ 3200 అడుగుల వేగంతో ఎముకకు తగిలితే అది లోపలికి దిగకముందే పగిలిపోతుంది. పైకి భయంకరమైన గాయం కనిపిస్తుంది, లోపల ఊపిరితిత్తి మాత్రం చెక్కుచెదరదు. అత్యల్ప దూరం, అత్యధిక దూరం రెండూ రాసుకుని, ఆ రెండు చోట్లా పనిచేసే బుల్లెట్ కోసం వెతకండి.

3. బుల్లెట్ నిర్మాణం ఎంచుకోండి

మీ నిర్ణయాల్లో అన్నిటికంటే బరువైనది ఇదే. కొలవడానికి రెండు విషయాలున్నాయి: బుల్లెట్ ఎంత వెడల్పుగా విచ్చుకుంటుంది, ఎంత బరువు నిలుపుకుంటుంది. వెడల్పు పెరిగితే గాయం పెద్దదవుతుంది, లోతు తగ్గుతుంది. మొదటి వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండింతలు విచ్చుకుంటే పెద్ద జంతువులకు సరిగ్గా సరిపోతుంది.

రాగి తొడుగు లోపల సీసం పోసిన మామూలు సాఫ్ట్ పాయింట్ బుల్లెట్ అన్నిటికంటే పాతది, చవకైనది. దీన్ని తక్కువ చేసి చూడనక్కర్లేదు. 100 కిలోల లోపు జంతువులకు, .308 లాంటి మధ్యస్థ వేగాల్లో ఇది త్వరగా తెరుచుకుని చక్కగా పడేస్తుంది. దీని బలహీనత ఒక్కటే: గట్టి ఎముకకు ఎక్కువ వేగంతో తగిలితే సీసం తొడుగు నుంచి జారిపోతుంది. సీసం ఒక దారి, తొడుగు ఒక దారి. ఎల్క్ జబ్బ మీద, మాగ్నమ్ (ఎక్కువ మందు పట్టే కార్ట్రిడ్జ్) వేగంతో దీన్ని వాడకండి.

ఈ సమస్యకు 1940ల చివర్లో జాన్ నాస్లర్ ఒక జవాబు కనిపెట్టాడు. తొడుగు మధ్యలో అడ్డంగా రాగి గోడ కట్టి, ముందు గదిలో ఒక సీసం ముద్ద, వెనక గదిలో ఇంకో సీసం ముద్ద పెట్టాడు. ముందు భాగం విచ్చుకుని కొంత రాలిపోయినా, గోడ వెనక ఉన్న సగం అలాగే లోతుకు దూసుకుపోతుంది. పార్టిషన్ అనే ఈ బుల్లెట్ మామూలుగా మూడింట రెండు వంతుల బరువు నిలుపుకుంటుంది. దగ్గరా దూరమూ రెండింటా నమ్మకంగా పనిచేస్తుంది కాబట్టి ఇప్పటికీ దీన్ని వదలనివాళ్లు ఎందరో.

తర్వాత వచ్చినవి బాండెడ్ బుల్లెట్లు. వీటిలో సీసాన్ని తొడుగుకు అతికేస్తారు, అందుకే ఎముక తగిలినా రెండూ విడిపోవు. వీటిలోనూ తేడాలున్నాయి. నాస్లర్ అక్యుబాండ్ కొంచెం మెత్తగా తెరుచుకుని అరవై, డెబ్బై శాతం బరువు ఉంచుకుంటుంది, దూరానికి బాగుంటుంది. స్విఫ్ట్ ఏ-ఫ్రేమ్‌లో మధ్యగోడా ఉంది, అతుకూ ఉంది. అది తొంభై శాతం పైన నిలుపుకుని పెద్ద ఎముకల్లోంచి దిగుతుంది, కానీ ఆకారం మొద్దుగా ఉండటంతో దూరం పోయేకొద్దీ వేగం త్వరగా పడిపోతుంది. ఎల్క్, మూస్‌లకు ఏ కోణంలో దొరుకుతుందో తెలియని వేటకు బాండెడ్ బుల్లెట్ తీసుకోండి. మొదటిసారి ఎంచుకునేవాళ్లకు ఇదే మా సలహా.

పూర్తి రాగితో చేసిన బుల్లెట్లు, బార్న్స్ టీటీఎస్ఎక్స్, హోర్నడీ సీఎక్స్ లాంటివి, సీసం నిషేధమున్న చోట్ల తప్పనిసరి. మిగతా చోట్లా వీటిని ఎంచుకోవడానికి కారణాలున్నాయి. ముందు భాగంలో ఉన్న గుంట వల్ల రాగి రేకులుగా వెనక్కి విచ్చుకుంటుంది, సీసం లేదు కాబట్టి రాలిపోయేదేమీ ఉండదు. నూటికి తొంభై అయిదు, ఒక్కోసారి మొత్తం బరువు నిలుపుకుని అవతలి వైపు బయటికొస్తుంది. మాంసంలో సీసపు తునకలు పడవు. అయితే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది, రాగి సీసం కంటే తేలిక: రాగి సాంద్రత 8.96, సీసానిది 11.34. అదే బరువుకు రాగి బుల్లెట్ పొడవు ఎక్కువ. ఆ పొడవు ఇత్తడి గొట్టంలో మందు చోటు తినేస్తుంది, నిలకడగా తిరగడానికి వేగమైన ట్విస్ట్ (బ్యారెల్ లోపలి గాడుల మెలిక) అడుగుతుంది. రెండోది, దీనికి వేగం కావాలి. మూడోది మొదటి రెండింటికీ పరిష్కారం: సీసంలో వాడే బరువు కంటే ఒక మెట్టు దిగండి. సీసంలో 180 గ్రెయిన్లు వాడేవారు రాగిలో 165 లేదా 168 తీసుకోవాలి, 150 వాడేవారు 130. బరువేమీ రాలదు కాబట్టి ఆ తేలిక బుల్లెట్టే లోతుకు వెళ్తుంది, పైగా వేగం పెరిగి రేకులు పూర్తిగా విచ్చుకుంటాయి. రాగితో నిరాశపడినవాళ్లలో చాలామంది బరువైన రాగి బుల్లెట్‌ను నెమ్మదైన కార్ట్రిడ్జ్‌లో పెట్టి, 350 గజాల నుంచి పక్కటెముకల మధ్య కాల్చినవాళ్లే.

విచ్చుకోని సాలిడ్‌లు ఇత్తడి లేదా రాగితో, చదునైన మూతితో చేస్తారు. ఆ చదును మూతే వాటిని ఎముకల్లోంచి సూటిగా నడిపిస్తుంది. ఇవి ఏనుగుకు, గాయపడిన అడవిదున్న మీద వేసే రెండో తూటాకు. దుప్పికి, ఎల్క్‌కు వద్దు. గుంపులో ఉన్న దున్నకు మొదటి తూటాగా కూడా వద్దు, ఎందుకంటే అవతలికి దూసుకుపోయి వెనకున్న మరో జంతువును గాయపరుస్తాయి. ఇక పోటీల కోసం చేసే మ్యాచ్ బుల్లెట్లు కాగితపు గురికే పరిమితం. కొన్ని విచ్చుకుంటాయి, కొన్ని విచ్చుకోవు, ఏది ఏం చేస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

4. బరువు, ఆ తర్వాత కార్ట్రిడ్జ్

బరువు నిర్ణయించడానికి సెక్షనల్ డెన్సిటీ అనే అంకె సాయపడుతుంది. గ్రెయిన్లను 7000తో భాగించి, వచ్చినదాన్ని వ్యాసం వర్గంతో భాగించాలి. .308లో 180 గ్రెయిన్లకు 0.271 వస్తుంది, 6.5 మి.మీ.లో 140 గ్రెయిన్లకు 0.287, .375లో 300 గ్రెయిన్లకు 0.305. సీసపు బుల్లెట్లలో దుప్పి జాతికి 0.22 పైన, ఎల్క్, మూస్‌లకు 0.26 పైన, ప్రమాదకర జంతువులకు 0.30 పైన ఉండేలా చూసుకోండి. సన్నటి 6.5 మి.మీ. బుల్లెట్లు తమ సైజుకు మించి లోతుకు ఎలా వెళ్తాయో ఈ అంకెలోనే తెలుస్తుంది; 6.5×55తో స్కాండినేవియాలో మూస్ వేట వందేళ్లకు పైగా నడుస్తోంది. బాండెడ్, రాగి బుల్లెట్లకు ఈ హద్దులు కొంచెం సడలించవచ్చు.

ఇక కార్ట్రిడ్జ్. దుప్పి, మాన్లు, అడవిపంది వరకే అయితే 6.5 క్రీడ్‌మూర్, .270 వించెస్టర్, .308 వించెస్టర్‌లలో ఏదైనా సరే. 1925 నాటి .270లో 130 గ్రెయిన్ల బుల్లెట్ ఇప్పటికీ 3060 అడుగుల వేగంతో చదునుగా వెళ్తుంది. దుప్పి నుంచి మూస్ దాకా ఒకే రైఫిల్ కావాలంటే .30-06. 1906 నుంచి వాడకంలో ఉంది, తూటాలు దొరకని చోటు అరుదు, 150 నుంచి 220 గ్రెయిన్ల దాకా ఏ బరువైనా తీసుకుంటుంది. ఎల్క్‌ను 300 గజాలు దాటి కాల్చాల్సిన బయలు ప్రాంతాల్లో మాత్రమే 7 మి.మీ. రెమింగ్టన్ మాగ్నమ్, 7 మి.మీ. పీఆర్‌సీ, .300 వించెస్టర్ మాగ్నమ్ తమ దెబ్బకు తగ్గ ఫలం ఇస్తాయి. దగ్గర్లో పెద్ద ఎలుగు, మూస్‌ల కోసం .338 వించెస్టర్ మాగ్నమ్, 9.3×62 ఉన్నాయి. 9.3×62కు పెద్ద వేగమేమీ లేదు, 286 గ్రెయిన్లకు 2360 అడుగులే. అందుకే దాని బుల్లెట్లు పగలకుండా లోతుకు పోతాయి, మాంసం పాడవదు.

అడవిదున్నకు 1912లో వచ్చిన .375 హెచ్ అండ్ హెచ్ నుంచి మొదలుపెట్టండి: 300 గ్రెయిన్లు, 2530 అడుగులు. .416 రిగ్బీ 400 గ్రెయిన్లను 2400తో పంపుతుంది, దాని తన్ను కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. .375ను గురి తప్పకుండా కాల్చగలిగినవాడు .416తో కళ్లు మూసుకునేవాడి కంటే ఎప్పుడూ మేలు.

5. ట్విస్ట్ సరిచూసుకోండి

బ్యారెల్ మీద 1:10 అని ఉంటే బుల్లెట్ పది అంగుళాల్లో ఒక చుట్టు తిరుగుతుందని అర్థం. కొన్ని .308 రైఫిళ్లు 1:12తో వస్తాయి. పొడవాటి రాగి బుల్లెట్లు వాటిలో తడబడతాయి. 6.5 క్రీడ్‌మూర్ మామూలుగా 1:8. బుల్లెట్ పెట్టె మీద అవసరమైన ట్విస్ట్ రాసి ఉంటే దాన్ని పట్టించుకోండి. కాగితం మీద రంధ్రం గుండ్రంగా కాక కోలగా పడిందంటే బుల్లెట్ అడ్డం తిరుగుతోందన్న మాట. ఆ తూటా ఆ రైఫిల్‌కు పనికిరాదు.

6. భుజం మాట వినండి

సుమారు ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో 6.5 క్రీడ్‌మూర్ వెనక్కి తన్నే శక్తి 12 అడుగు-పౌండ్ల చుట్టూ ఉంటుంది, .30-06ది 20, .300 వించెస్టర్ మాగ్నమ్‌ది 26 దాకా. తొమ్మిది పౌండ్ల .375ది 35 దాటుతుంది. తట్టుకోగలరో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పక్కన ఒకరిని కూర్చోబెట్టి తూటా నింపమనండి. కొన్నిసార్లు మీకు తెలియకుండా ఖాళీ చాంబర్‌తో (తూటా కూర్చునే గది) ఇవ్వాలి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు గొట్టం మూతి కిందికి తూలితే మీరు దెబ్బకు ముందే జంకుతున్నారు. ఒక మెట్టు చిన్న కార్ట్రిడ్జ్‌కు దిగండి. గొట్టం మూతికి బిగించే మజిల్ బ్రేక్ దెబ్బను బాగా తగ్గిస్తుంది, శబ్దాన్ని మాత్రం పక్కవాళ్ల చెవుల మీదకు తోస్తుంది. అందరికీ చెవి రక్షణ ఉంటేనే వాడండి. మాగ్నమ్‌ల మీద స్కోప్ కంటికి కనీసం 90 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, లేకపోతే కనుబొమ్మ చీలుతుంది.

7. మూడు పెట్టెలు కొని కాగితం మీద తేల్చండి

బ్యారెల్ మీద చెక్కిన పేరు, తూటా అడుగున ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. దగ్గరగా కనిపించే తూటాలు వేరే చాంబర్‌లో పేలితే రైఫిల్‌తో పాటు చెయ్యి కూడా పోతుంది. మూడు రకాల తూటాలు తీసుకుని, సీసం నుంచి రాగికి మారే ముందు గొట్టాన్ని రాగి కరిగించే ద్రావకంతో శుభ్రం చేయండి. బ్యారెల్ చల్లారనిచ్చి 100 గజాల దగ్గర మూడేసి కాల్చండి. పెద్ద జంతువులకు ఒకటిన్నర అంగుళాల గ్రూప్ (రంధ్రాలన్నీ పడిన వెడల్పు) ధారాళంగా చాలు. అరంగుళం గ్రూప్ కోసం మెత్తటి బుల్లెట్‌కు మారిపోవడం తప్పుడు బేరం. నచ్చిన తూటా దొరికాక అదే లాట్ నంబరులో (ఒకే విడతలో తయారైనవి) సీజన్‌కు సరిపడా కొనిపెట్టుకోండి.

.30-06లో 180 గ్రెయిన్లను 100 గజాల దగ్గర రెండంగుళాలు పైకి పడేలా సర్దితే 200 గజాల దగ్గర సూటిగా తగులుతుంది, 300 దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది. లెక్కను నమ్మకుండా 300 దగ్గర కూడా కాల్చి చూడండి. సాలిడ్‌లు వాడేవాళ్లు మ్యాగజైన్ నిండా నింపి, బోల్టును వేగంగా ఆడించి అన్నీ చాంబర్‌లోకి ఎక్కుతున్నాయో చూడాలి. చదును మూతి తగులుకుని ఆగిపోవడం జరుగుతుంటుంది.

8. కోణం, ఆ తర్వాత దొరికిన బుల్లెట్

జంతువు పక్కకు తిరిగి ఉంటే ముందుకాలి వెనక గీత వెంబడి, కింది నుంచి శరీరంలో మూడో వంతు ఎత్తున గురిపెట్టండి. ఏటవాలుగా అవతలికి తిరిగి ఉంటే అవతలి ముందుకాలి వైపు వెళ్లేలా. ఎదురుగా నిలబడ్డ ఎల్క్, మూస్‌ల మీద బాండెడ్ లేదా రాగి బుల్లెట్ లేకుండా కాల్చకండి. వెనక నుంచి అసలు కాల్చవద్దు. తూటా పేలగానే బోల్టు తిప్పి మళ్లీ సిద్ధంగా ఉండండి, జంతువు నిలబడి ఉంటే ఇంకోటి వేయండి. కనబడకుండా పోతే అరగంట ఆగి జాడ పట్టండి: నురగతో కూడిన లేత ఎరుపు నెత్తురు ఊపిరితిత్తులది, ముదురు ఎరుపు కాలేయానిది. పచ్చటి పదార్థం కలిసి ఉంటే పొట్టకు తగిలినట్టు, కొన్ని గంటలు ఆగాలి.

కోసేటప్పుడు బుల్లెట్ దొరికితే పారేయకుండా కడిగి తూచండి. 180 గ్రెయిన్లకు 120 మిగిలితే 67 శాతం. పార్టిషన్‌కు అది మామూలే, రాగి బుల్లెట్‌కు అయితే రేకులు విరిగాయని అర్థం, తగిలిన వేగం ఎక్కువైంది. ఖాళీ తొడుగు ఒక్కటే దొరికితే ఆ దూరానికి ఆ బుల్లెట్ మెత్తనిది, బాండెడ్‌కు మారండి. రంధ్రం రెండు వైపులా వేలంత సన్నగా ఉండి, లోపల గాయం తక్కువగా ఉంటే బుల్లెట్ తెరుచుకోలేదు: ఒక మెట్టు తేలికైన, వేగమైన బుల్లెట్ తీసుకోండి, లేదా దూరం తగ్గించండి. అవతలి చర్మం కింద పుట్టగొడుగులా విచ్చుకుని, బరువు చాలావరకు మిగుల్చుకుని దొరికితే ఆ తూటా మీ వేటకు సరిపోయింది. పెట్టె మీది లాట్ నంబరు, దూరం, కోణం, మిగిలిన బరువు రాసి పెట్టుకోండి, వచ్చే సీజన్‌కు తూటాలు కొనేటప్పుడు చూసుకోవాల్సింది అదే.